కొత్త బండికి తొలి ఆయిలు: హోసూరు చెప్పే లెక్క

కొత్త కారు ఇంటికొచ్చి నెల తిరక్కముందే ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: "వెయ్యి దాటిందా? అయితే ఆయిలు మార్పించెయ్." కారుతో వచ్చిన పుస్తకంలో మాత్రం ఆ మాట కనబడదు. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి వెయ్యి కిలోమీటర్ల దగ్గర పడే మొదటి సర్వీసు అంతా సరిగ్గా ఉందో లేదో చూసి పంపేదే. ఆయిలు మార్చేది 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు. పుస్తకం ఒకటి చెప్పి మెకానిక్కు ఇంకొకటి చెబితే మన జనం మెకానిక్కు వైపే మొగ్గుతారు. ఇంజను విప్పి చూసినవాడు అతను కదా అన్న నమ్మకం, కంపెనీ ఏం చెప్పినా తన లాభం కోసమే చెబుతుందన్న అనుమానం, రెండూ అందులో ఉన్నాయి. నా వాదన ఏమిటంటే, ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చెరొక కాలపు ఇంజను గురించి మాట్లాడుతున్నారు, అంతే. ఆ కాలాలన్నీ ఒకే చోట, నలభై అయిదేళ్ల లోపు, ఒకదాని మీద ఒకటి పేరుకున్న ప్రాంతం ఒకటి ఉంది. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న హోసూరు, దాని జిల్లా కేంద్రం కృష్ణగిరి. తొలి ఆయిలు అనే ఆచారం ఎలా పుట్టిందో, ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కాలం చెల్లిందో ఈ నేల మీద తయారైన బళ్లను వరసగా చూస్తే తెలుస్తుంది.

హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడం, తమిళం కలిసే వినబడతాయి. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అప్పటికి సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. మెట్ట పొలాలు, మామిడి తోటలు, గ్రానైటు గుట్టలు ఉన్న ఈ సీమలో యంత్రం పేరెత్తకముందు చక్రానికి తెలిసిన నూనె ఒక్కటే, ఆముదంలో గడ్డి బూడిద కలిపి ఇరుసుకు పట్టించే కందెన. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని ఊరికే అనలేదు. అయితే ఎద్దుబండికి కందెన ఎప్పుడు వేయాలో చెప్పడానికి పుస్తకం అక్కరలేదు, చెవి చాలు. 1970లలో తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్కాట్ ఈ వెనకబడిన తాలూకాలో పారిశ్రామిక వాడ వేసింది. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరం, అక్కడ అప్పటికే యంత్రాల పనిలో ఆరితేరిన చేతులు, ఇక్కడ చవగ్గా భూమి, రాయితీలు. అశోక్ లేలాండ్ 1980లో లారీల కర్మాగారం తెరిచింది. అదే ఏడు సుందరం క్లేటన్ వాళ్ల మోపెడ్ విభాగం నుంచి టీవీఎస్ 50 రోడ్డెక్కింది. ఆ దశాబ్దం తిరక్కముందే టైటాన్ గడియారాలు కూడా ఇక్కడే టిక్కుటిక్కుమన్నాయి. గడియారానికీ నూనె కావాలి, చుక్కలో వందో వంతైనా సరే. కానీ అది మరో వ్యాసం.

ఇంజనులో తొలి రోజుల్లో ఏం జరుగుతుందో ముందు చూడాలి. సిలిండరు లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదు, ఉండకూడదు కూడా. హోనింగ్ రాళ్లతో కావాలనే అడ్డదిడ్డంగా, ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు గీస్తారు. ఆ గీతల లోయల్లో ఆయిలు నిలుస్తుంది. గీతల మధ్య లేచిన గట్లను పిస్టన్ రింగులు రాసి రాసి చదును చేస్తాయి. అలా రింగు గోడకు ఒదిగితేనే పేలుడు ఒత్తిడి కిందికి జారకుండా ఆగుతుంది. ఈ రాపిడిలో రాలిన లోహపు పొడి, పోత పోసినప్పుడు మూలల్లో చిక్కుకున్న ఇసుక రేణువులు, డ్రిల్లు వేసినప్పటి తరుగు, బిగించేటప్పుడు పూసిన జిగురు ముక్కలు, అన్నీ వచ్చి చేరేది ఆయిల్ ఛాంబరులోనే. ఈ అరుగుదల మొదటి గంటల్లో ఎక్కువ, ఆ తర్వాత గబగబా తగ్గి ఒక సన్నని ధారలా ఏళ్ల తరబడి సాగుతుంది. తగ్గే ఆ వంపులో ఎక్కడా 500 దగ్గర గోడ లేదు, వెయ్యి దగ్గర గుమ్మం లేదు. ఏ అంకె పెట్టినా అది ఒప్పందమే: చెత్త చాలావరకు రాలిపోవాలి, ఆ చెత్త బేరింగులను గీకేంత కాలం ఇంజనులో ఉండకూడదు. ఆ ఒప్పందం షరతులు మూడు. సిలిండరును ఎంత శుభ్రంగా, ఎంత కచ్చితంగా చెక్కారు. ఆయిలు వడకట్టే ఏర్పాటు ఎంత గట్టిది. ఆయిలు తనలో మురికిని ఎంతవరకు మోయగలదు.

బ్రిటిష్ కార్లు మన దేశానికి వచ్చిన రోజుల్లో ఆ మూడూ అంతంత మాత్రమే. ఆస్టిన్, మోరిస్ పుస్తకాలు మొదటి 500 మైళ్లు మెల్లగా నడిపి, ఆ తర్వాత ఆయిలు దించేయమనేవి. ఇంగ్లండులో కొత్త కారు వెనకద్దానికి "రన్నింగ్ ఇన్, ప్లీజ్ పాస్" అని చీటీ అంటించుకుని, వెనకవాళ్లను దాటిపొమ్మని బతిమాలుకునేవారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మన దగ్గర అంబాసిడరైంది, దానితో పాటు ఆ అలవాటూ దిగుమతి అయింది. 500 మైళ్లంటే 800 కిలోమీటర్లు. మన నోళ్లలో అది ఒకచోట 500 కిలోమీటర్లుగా, ఇంకోచోట వెయ్యిగా స్థిరపడింది. ఇంతలో ఆ మూడు షరతులూ మారుతూ వచ్చాయి. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 1920లలో కారు ఆయిలుకు ఫిల్టరు తగిలించాడు. అది ప్రతి కారుకూ తప్పనిసరి భాగం కావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1930ల మధ్యలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజన్లలో రింగులు మసి పట్టి బిగుసుకుపోతుంటే, మసిని కడిగి తనలో కలుపుకునే డిటర్జెంటు ఆయిళ్లు పుట్టాయి. అదే క్యాటర్‌పిల్లర్ ఇంజన్ల కర్మాగారం చాలా ఏళ్లకు హోసూరులోనూ వెలిసింది. ఆయిలు నల్లబడగానే పాడైపోయిందని హడలిపోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన చరిత్ర ఇది. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిలు రెండు మూడు రోజుల్లో నల్లబడితే అది పని చేస్తోందని అర్థం.

ఇప్పుడు హోసూరు బళ్ల దగ్గరికి వద్దాం. ఈ ఊరు జనం చేతికి లక్షల్లో అందించిన తొలి వాహనానికి తొలి ఆయిలు మార్పిడి అన్న మాటే లేదు. టీవీఎస్ 50 టూ స్ట్రోక్ బండి. దాని ఇంజనుకు అడుగున ఆయిలు మడుగు ఉండదు. పెట్రోలుతో కలిసి వచ్చిన ఆయిలే క్రాంకును, బేరింగులను, పిస్టన్‌ను తడిపి, ఆ తర్వాత కాలి పొగై పోతుంది. గేరు పెట్టెలో పోసే కాస్త ఆయిలు సంగతి వేరు. బంకులో కుర్రాడు చిన్న కొలపాత్రతో టూటీ ఆయిలు ముందు పోసి, దాని మీద పెట్రోలు కొట్టి, హ్యాండిలు పట్టుకుని బండిని అటూ ఇటూ నాలుగుసార్లు ఊపేవాడు. ఆ ఊపుడే కలపడం. అనంతపురం, చిత్తూరు పల్లెల నుంచి కోస్తా దాకా పాలక్యాన్లు, గడ్డిమోపులు, అరటిగెలలు మోసిన ఆ బండికి రన్నింగ్ ఇన్ అంటే ఆయిలు తీసేయడం కాదు, కాస్త ఎక్కువ పోయడం. టూ స్ట్రోక్ బళ్లకు తొలి రోజుల్లో మిశ్రమంలో ఆయిలు పాలు పెంచమనే చెప్పేవారు. అరిగిన పొడి నిలవ ఉండటానికి చోటే లేదు, పొగతో పాటే బయటికి. టీవీఎస్ వాళ్లు సుజుకితో కలిసి 1984లో ఇదే హోసూరు నుంచి తెచ్చిన వంద సీసీ ఇండ్-సుజుకి మోటారు సైకిలూ టూ స్ట్రోకే. అంటే కొత్త బండికి వెంటనే ఆయిలు మార్చాలన్నది ప్రకృతి ధర్మమేమీ కాదు. ఒక తరానికి తరం దాని ఊసే లేకుండా బళ్లు నడుపుకుంది.

అదే ఊళ్లో అశోక్ లేలాండ్ గేటు నుంచి వచ్చే లారీ కథ పూర్తిగా వేరు. కర్మాగారం అమ్మేది చాలాసార్లు లారీ కాదు, చాసిస్. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు ఒక రేకు ముఖం, అంతే. తలుపుల్లేవు, పైకప్పు లేదు. తలకు తువ్వాలు బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుని డ్రైవరు దాన్ని బాడీ కట్టే ఊరికి తోలుకుపోతాడు. లారీ బాడీకైతే నామక్కల్ వైపు, బస్సు బాడీకైతే కరూరు, ఆంధ్రా వాళ్లదైతే విజయవాడ ఆటోనగర్. కృష్ణగిరి కూడలిలో ఈ దారులు చీలుతాయి. ఉత్తర దక్షిణాల జాతీయ రహదారి, చెన్నై బెంగళూరు రహదారి అక్కడే కలుస్తాయి. కుప్పం మీదుగా మదనపల్లె వైపు ఇంకో దారి పోతుంది. విజయవాడ దాకా ఆరేడు వందల కిలోమీటర్లు, బరువు లేకుండా, నిదానంగా. పాత బ్రిటిష్ పుస్తకం చెప్పిన 500 మైళ్ల రన్నింగ్ ఇన్ దాదాపు అంతా యజమాని లారీని కళ్లజూడక ముందే, ఎండకూ దుమ్ముకూ ముఖం ఒగ్గిన అద్దె డ్రైవరు చేతుల్లో అయిపోయేది. ఆటోనగర్‌లో బాడీ కట్టి లోడు ఎత్తేసరికి తొలి సర్వీసు గడువు తలుపు తడుతూ ఉండేది. లారీల వాళ్లలో తొలి ఆయిలు పట్టింపు బలంగా నాటుకోవడానికి ఇదొక కారణమని నేననుకుంటాను: బండి చేతికి వచ్చిన రోజే ఆయిలు సంగతి మాట్లాడుకోవాల్సి వచ్చేది.

అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మెకానిక్కు తన జీవితంలో విప్పేవి కొత్త ఇంజన్లు కావు. బోరుకొచ్చినవి. లారీ గుప్పుగుప్పుమని పొగ తోలడం మొదలుపెట్టి, ఆయిలు తాగేస్తూ, ఎక్కుడులో నీరసపడితే ఇంజను దించుతారు. లేత్ షాపులో సిలిండరుకు బోరింగ్ చేయిస్తారు, లేదా లైనర్లు మారుస్తారు. కొత్త పిస్టన్లు, రింగులు వేస్తారు. డ్రిల్లుకు హోనింగ్ రాళ్లు తగిలించి చేత్తోనే గీతలు గీస్తారు. డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో కడిగి బిగిస్తారు. ఎంత జాగ్రత్తగా కడిగినా గీతల్లో రాతి పొడి కొంత మిగులుతుంది. ఆ ఇంజను మొదటి 500 కిలోమీటర్ల ఆయిలు దించినప్పుడు పళ్లెంలో వెండి జరీలా తళతళమనేది నిజంగా లోహమే. అది చూసిన మెకానిక్కు 500కే మార్చమంటే అందులో వంక పెట్టడానికి లేదు, ఇప్పటికీ లేదు. పొరపాటల్లా ఆ అనుభవాన్ని తీసుకొచ్చి షోరూము నుంచి నిన్న వచ్చిన కారుకు అంటగట్టడంలో ఉంది. షెడ్డులో చేతి హోనింగ్ చేసిన సిలిండరు, కర్మాగారంలో యంత్రం చెక్కిన సిలిండరు పేరుకే ఒకటి. ఇప్పటి కర్మాగారాలు గీతలు గీశాక ఇంకో మెట్టు పైకి పోయి, గట్ల కొసలను సన్నని రాళ్లతో అక్కడికక్కడే చదును చేసేస్తాయి. ఒకప్పుడు 500 మైళ్లు చేసిన పనిలో పెద్ద భాగం ఇప్పుడు యంత్రం మీద కొన్ని క్షణాల్లో అయిపోతోంది.

మరి మోటారు సైకిలు పుస్తకం ఇప్పటికీ 500 నుంచి వెయ్యి లోపే ఆయిలు మార్చమంటోంది కదా, అదీ పాత అలవాటేనా? కాదు. ఇక్కడ హోసూరు చరిత్రలో మూడో పొర వస్తుంది. పొగ నిబంధనలు బిగుసుకుంటున్న కొద్దీ టూ స్ట్రోక్ నిలబడలేకపోయింది. 2001లో, సుజుకితో తెగతెంపులు చేసుకున్న ఏడే, టీవీఎస్ తన సొంత ఫోర్ స్ట్రోక్ విక్టర్‌ను తెచ్చింది. చివరికి మోపెడ్ కూడా 2015లో ఎక్స్‌ఎల్ 100గా ఫోర్ స్ట్రోక్ అయింది. పెట్రోలులో ఆయిలు కలపడానికి అలవాటుపడ్డ చేతులకు ఆయిలు దించి పోయడమనే కొత్త పని పడింది. ఇక మోటారు సైకిలు ఇంజను ఏర్పాటు చూడండి. లీటరు, లీటరుంపావు ఆయిలు. ఆ కాస్త ఆయిలే పిస్టన్‌నూ చూసుకోవాలి, గేర్లనూ చూసుకోవాలి, క్లచ్ ప్లేట్లనూ తడపాలి. కొత్త గేరు పళ్లు ఒరుసుకున్నప్పుడు రాలే పొడి, క్లచ్ ప్లేట్ల నుంచి ఊడే పీచు, అన్నీ ఆ లీటరులోనే. పైగా వంద సీసీ తరగతి బళ్లలో చాలావాటికి కాగితం ఫిల్టరు ఉండదు. ఒక జాలీ, క్రాంకుతో పాటు గిరగిరా తిరుగుతూ బరువైన రేణువులను అంచుకు నెట్టే చిన్న గిన్నె, అంతే. కారుకైతే మూడు నాలుగు లీటర్ల ఆయిలు, గేరు పెట్టెకు వేరే ఆయిలు, మొత్తం ఆయిలు పోయే దారిలోనే నిలబడిన కాగితం ఫిల్టరు. షరతులు వేరైనప్పుడు ఒప్పందమూ వేరే ఉంటుంది. ఇది మన కంపెనీలు పెట్టిన మన దేశపు అలవాటు అనుకునేవాళ్లకు హోసూరులోనే జవాబుంది. టీవీఎస్‌కు బీఎండబ్ల్యూతో 2013లో కుదిరిన ఒప్పందం ప్రకారం 310 సీసీ బళ్లు హోసూరులోనే తయారై విదేశాలకు పోతున్నాయి. బీఎండబ్ల్యూ మోటారు సైకిళ్లకు రన్నింగ్ ఇన్ సర్వీసు 500 నుంచి 1,200 కిలోమీటర్ల మధ్య చేయించాలన్నది నియమం, మ్యూనిక్‌లో కొన్నా అంతే. ఇక "ఫ్రీ సర్వీసు" విషయం. ఫ్రీ అన్నది కూలికి మాత్రమే. ఆయిలు డబ్బులు మనవే. డీలరుకు అందులో గిట్టుబాటు లేకపోలేదు. గిట్టుబాటు ఉన్నంత మాత్రాన పని అనవసరమైపోదు. చైను బిగువు, వాల్వు సందు, వదులైన బోల్టులు, అవీ ఆ రోజే చూస్తారు.

కారు విషయంలో అసలైన ఆక్షేపణ ఇది: ముందే మారిస్తే పోయేదేముంది, రెండు మూడు వేలు తప్ప? నిజమే, నష్టం పెద్దది కాదు. కానీ లాభం ఎంత అన్నది కూడా అడగాలి. ఫిల్టరు పెద్ద రేణువులను పట్టేస్తుంది. దాన్ని తప్పించుకునేవి తల వెంట్రుక మందం కన్నా బాగా సన్నని రేణువులు. కొత్త కారు ఆయిలులో కనబడే మెరుపులో కొంత బిగింపులో పూసిన పదార్థాలది కూడా కావచ్చు. హోండా లాంటి తయారీదారులైతే ఫ్యాక్టరీలో పోసిన ఆయిలును గడువు దాకా ఉంచమనే అమెరికా కొనుగోలుదారులకు చెబుతూ వచ్చారు. పారబోసిన నాలుగు లీటర్లు ఎక్కడికి పోతాయన్నది ఇంకో లెక్క. వాడిన ఇంజన్ ఆయిలు మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. ఆచరణలో మాత్రం అందులో కొంత స్లాబుల సెంట్రింగ్ పలకలకు పూయడానికి పోతుంది, కొంత షెడ్డు వెనక నేలలో ఇంకుతుంది.

రెండో ఆక్షేపణ దుమ్ము గురించి. కృష్ణగిరి గ్రానైటు క్వారీల పక్క రోడ్ల మీద తిరిగే బండికీ, బెంగళూరు ఆఫీసు కారుకీ ఒకే గడువా అంటారు. సరైన ప్రశ్నే, కానీ అది తొలి ఆయిలు ప్రశ్న కాదు. దుమ్ము మొదటి వెయ్యిలోనే రాదు, బండి బతికినంత కాలం వస్తుంది. దానికి ముందు చూడాల్సింది గాలి ఫిల్టరు, ఆ తర్వాత ప్రతి గడువునూ కుదించుకోవడం. పుస్తకాల్లోనే కఠిన పరిస్థితుల కింద అలా రాసి ఉంటుంది, ఎవరూ ఆ పేజీ తిప్పరు. మూడోది నాకు బలంగా కనబడే ఆక్షేపణ. ఖర్చు తక్కువని చూపించుకోవడానికి కంపెనీలు గడువులు పెంచుతున్నాయి, వారంటీ ముగిశాక ఇంజను ఏమైతే వాళ్లకేం? కారును పదిహేనేళ్లు వాడుకునే ఇంట్లో ఈ అనుమానం న్యాయమైనదే. ట్రాఫిక్కులో నిలిచి నిలిచి తిరిగే కారుకు పదివేల దాకా ఆగడం ఎక్కువే అని నేనూ ఒప్పుకుంటాను. అక్కడ అయిదారు వేలకు మార్చుకోవడంలో వివేకం ఉంది. కానీ ఆ వివేకం ప్రతి మార్పుకూ వర్తించాలి. మొదటి వెయ్యికి భక్తిగా మార్పించి, ఆ తర్వాత రెండేళ్లు డిప్ స్టిక్ తీసి చూడని యజమానులు మనలో తక్కువేం లేరు.

ఈ మధ్య హోసూరులో నాలుగో పొర పడింది. 2021లో ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్ల తయారీ హోసూరుకు వచ్చింది. అదే ఏడు కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా తన పెద్ద కర్మాగారం కట్టింది. టీవీఎస్ ఐక్యూబ్ కూడా హోసూరు సరుకే. వీటికి ఇంజన్ ఆయిలు లేదు, రింగులు లేవు, ఒరుసుకోవాల్సిన సిలిండరే లేదు. టీవీఎస్ 50కి తొలి ఆయిలు ఎందుకు లేదో వీటికి అందుకు లేదని కాదు. కారణాలు వేరు, ఫలితం ఒకటి. అయినా వీటిని కొన్నవాళ్లకూ తొలి సర్వీసు చీటీ వెయ్యి కిలోమీటర్ల చుట్టుపక్కలే వస్తోంది. బ్రేకులు, బోల్టులు, సాఫ్ట్‌వేరు చూసి పంపుతారు.

కాబట్టి కొత్త కారుకు తొలి ఆయిలు ఎప్పుడు అంటే, ఆ కారు పుస్తకంలో ఆ ఇంజనుకు రాసిన గడువే. కఠిన వాడకమైతే అదే పుస్తకం చెప్పిన తక్కువ గడువు. మోటారు సైకిలుకు 500 నుంచి వెయ్యి లోపు, తప్పకుండా. బోరింగ్ చేయించిన ఏ ఇంజనుకైనా మెకానిక్కు మాటే. మనసు ఊరుకోక కారుకు ముందే మార్పించుకునేవాళ్లు ఉంటారు; వాళ్లు పుస్తకంలో రాసిన గ్రేడే పోయించి, ఫిల్టరు కూడా మార్పించి, బిల్లు వారంటీ కాగితాలతో పాటు దాచుకుంటే చాలు.